కార్బన్ ఫైబర్ చొక్కా

మా నారాయణఖేడ్ బస్టాండు దగ్గర ఓ పది నిమిషాలు నిలబడి చూడండి, రెండు మూడు "కార్బన్ ఫైబర్" కార్లయినా కనిపిస్తాయి. కంగారు పడకండి, మా ఊరేమీ ఫార్ములా వన్‌లో చేరిపోలేదు. సెకండ్‌హ్యాండ్ స్విఫ్టు బానెట్ మీద, అద్దాల మీద, వెనక స్పాయిలర్ మీద నల్లగా, గళ్ళు గళ్ళుగా అతికించిన స్టిక్కరు. అంతే.

దాన్ని చూసి నవ్వేవాళ్ళు చాలామంది ఉన్నారు, ముఖ్యంగా మన సాఫ్ట్‌వేర్ జనంలో. నా మటుకు నాకు నవ్వు రాదు. నవ్వాల్సింది అక్కడ కాదు, అసలు భయపడాల్సింది వేరే చోట ఉంది అని నా గోల.

ముందు అసలు సరుకు సంగతి చూద్దాం. స్వెటర్లకి వాడే యాక్రిలిక్ నూలు ఉంది కదా, దానికి దగ్గరి చుట్టమైన ఒక దారాన్ని గాలి తగలకుండా వెయ్యి డిగ్రీలు దాటించి కాలుస్తారు. మిగతావన్నీ పోయి దాదాపు కార్బన్ ఒక్కటే మిగులుతుంది. ఆ పోగుల్ని బట్టలా నేసి, రెజిన్‌లో తడిపి, అచ్చులో పెట్టి గట్టిపడేలా చేస్తారు. మనకు కనిపించే ఆ గళ్ళు ఎవరో వేసిన డిజైన్ కాదు, నేత. 1981లో మెక్‌లారెన్ వాళ్ళు ఎంపీ4/1 అనే రేసు కారు చట్రం మొత్తాన్నీ దీంతో చేశారు. ఫార్ములా వన్‌లో అదే మొదటిది. "గుద్దుకుంటే పొడి పొడి అవుతుంది" అన్నవాళ్ళు అప్పట్లో ఉన్నారు. అదే ఏడాది మోంజాలో జాన్ వాట్సన్ ఆ కారుతో గోడని గుద్దేసి, దెబ్బ తగలకుండా దిగి నడిచొచ్చాడు. నోళ్ళు మూతపడ్డాయి.

అంటే దాని గొప్పదనం తేలిక, గట్టిదనం. అందం కొసరు.

ఇప్పుడు మన స్టిక్కరు చూడండి. బరువు తగ్గించడానికి పుట్టిన వస్తువులా కనిపించడం కోసం, ఉన్న ఇనుప బానెట్ మీద ఇంకాస్త ప్లాస్టిక్ బరువు ఎక్కిస్తున్నాం :) మన భాషలో చెప్పాలంటే ఇంటర్‌ఫేస్ ఇంప్లిమెంట్ చేశాం, లోపల మెథడ్లన్నీ ఖాళీ. కంపైల్ అయిపోతుంది. సంగతి రన్‌టైమ్‌లో తెలుస్తుంది.

అయితే మాత్రం తప్పేంటి? పోచంపల్లి చీర సంగతి తీసుకోండి. అసలుదానికి నూలుకే ముందు రంగులద్ది, తర్వాత నేస్తారు. తిరగేసి చూసినా డిజైన్ దాదాపు అలాగే ఉంటుంది. అదే డిజైన్‌ని మామూలు బట్ట మీద ప్రింటు కొట్టి అమ్మేవాళ్ళూ ఉన్నారు. ప్రింటు అని చెప్పి ప్రింటు ధరకి అమ్మితే, కొన్నావిడ మోసపోయినట్టు కాదు, కట్టుకుంటుంది, మురిసిపోతుంది. నేతపని అని చెప్పి అమ్మితేనే మోసం. కార్ల స్టిక్కరూ అంతే. కింద పెయింటుకి గీతలు పడకుండా కాస్తో కూస్తో కాపాడుతుంది కూడా. వద్దనుకుంటే పీకేయొచ్చు. లక్షలు పోసి రేసు కారు కొనలేని కుర్రాడు కొన్ని వేలల్లో సరదా తీర్చుకుంటే మన సొమ్మేం పోయింది?

కానీ కథ స్టిక్కరు దగ్గర ఆగదు. మా బాబాయి కొడుకు మొన్నామధ్య ఫోన్‌లో ఒక ఫొటో చూపించాడు.

"అన్నా, గీ స్టీరింగ్ చూడు. కార్బన్ ఫైబర్ అంట, సగం ధరకే ఇస్తున్నడు."

"నీ బండి స్టీరింగ్‌ల ఎయిర్‌బ్యాగ్ ఉంది గదరా, దీంట్ల ఉందా?"

"దీంట్ల హారన్ బటన్ ఉందన్నా, ఎర్రగ, మస్తుంది."

ఇదీ నా భయం. మన దేశంలో కొత్త కార్లకి డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి చెయ్యడానికి 2019 జూలై దాకా పట్టింది. అన్నేళ్ళకు వచ్చినదాన్ని గళ్ళ డిజైన్ కోసం మనమే విప్పి పక్కన పడేస్తున్నాం. పైగా ఆ చక్రం నిజం కార్బనో, ప్లాస్టిక్ మీద ప్రింటో అమ్మేవాడికే తెలియదు. సీట్లలో సైడ్ ఎయిర్‌బ్యాగ్ ఉన్న కార్లకి బిగుతుగా "కార్బన్ లుక్" కవర్లు తొడిగినా ఇదే సమస్య, చిరగాల్సిన చోట కవరు అడ్డం. కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. కానీ కోర్టు సంగతి పక్కన పెట్టినా, అర్ధరాత్రి లారీల మధ్య సంగారెడ్డి రోడ్డు మీద వచ్చేవాడికి కావాల్సింది ఎర్ర బటనా, ఎయిర్‌బ్యాగా?

అందుకే నేను పెట్టుకున్న లెక్క ఒకటే. ఆ వస్తువు పని కనిపించడమేనా, కాపాడటమా? కనిపించడమే అయితే నకిలీ అయినా ఫర్వాలేదు. బరువు మోసేదో, దెబ్బ ఆపేదో అయితే పైపూత చూసి కొనొద్దు. స్టీరింగ్, సీటు, బానెట్ కొక్కెం, చక్రాలు, హెల్మెట్ ఇవన్నీ రెండో జాబితాలోవే. హెల్మెట్ మీద గళ్ళు ఉన్నాయా అని కాదు, ఐఎస్ఐ గుర్తు ఉందా అని చూడాలి.

"ఇది ఒరిజినల్" అని ఎవరైనా అంటే చిన్న పరీక్షలున్నాయి. బానెట్ మీద అయస్కాంతం పెట్టండి, అతుక్కుంటే లోపల ఇనుమే. ఎండలో అటూ ఇటూ వంగి చూడండి. నిజమైన నేతలో పోగుల మెరుపు కోణాన్ని బట్టి మారుతుంది, ప్రింటులో అలాంటి లోతు ఉండదు. అంచులు చూడండి, స్టిక్కరు బండారం అక్కడే బయటపడుతుంది. చేతిలోకి తీసుకోగలిగిందైతే బరువు చూడండి.

బరువంటే గుర్తొచ్చింది. హైదరాబాదులో క్షిపణుల పనిలో ఉన్నప్పటి సంగతి ఒకటి కలాం గారు చాలాసార్లు చెప్పేవారు. నిమ్స్ నుంచి వచ్చిన ఎముకల డాక్టరు ఒకాయన అగ్ని కోసం చేసిన తేలికపాటి పదార్థాన్ని చేత్తో ఎత్తి చూసి, ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళి పిల్లల్ని చూపించారట. ఒక్కోటి మూడు కిలోలు దాటే లోహపు కాలిపర్లు ఈడ్చుకుంటూ నడిచే పిల్లలు. మూడు వారాల్లో మూడొందల గ్రాముల కాలిపర్లు తయారయ్యాయి.

వాటి మీద గళ్ళున్నాయా, ఏ రంగులో ఉన్నాయి అని ఎవరూ అడిగినట్టు లేదు. పిల్లలు నడిచారు, అంతే.

మా తమ్ముడి బండికి స్టీరింగ్ మార్చనివ్వలేదు. అద్దాలకి గళ్ళ స్టిక్కరు మాత్రం నేనే కొనిచ్చాను. బానే ఉంది, నిజంగానే.