అలిపిరి మెట్లు - పచ్చతేయాకు

గత మాఘమాసమున మేము చిత్తూరునుండి పోయి, అలిపిరి త్రోవను తిరుమల కెక్కితిమి. మెట్లు సుమారు 3,550. స్థూలకాయముగల మా వదినగారు గాలిగోపురముకడ ఆయాసముతో కూలబడి, కొంగుముడినుండి గ్రీన్‌టీ యనబడు పచ్చతేయాకు మాత్రలు తీసి, “ఇవి క్రొవ్వు కరగించునట, అమ్మాయీ” అనిరి.

ఆ యాకునందలి కాటెచినులు, కెఫీను క్రొవ్వు దహనమును ఒకింత హెచ్చించును. అయినను 2012లో కాక్రేన్ సమీక్షకులు పలు పరిశోధనలను పోల్చి, తగ్గు బరువు అత్యల్పమని తేల్చిరి. ఈజీసీజీ యను కాటెచినును మాత్రలుగా దినమునకు 800 మిల్లీగ్రాములు, ఆపైని పుచ్చుకొన్నవారియందు కాలేయమునకు చెరుపు కలుగు సూచనలు కనబడినవని 2018లో ఐరోపా ఆహారభద్రతాసంస్థవారు హెచ్చరించిరి.

మేము చెప్పగా విని, వదినగారు మాత్రలు ముడివైచి, మా చేయూతతో మోకాళ్ళపర్వతము మెల్లగా నెక్కిరి. నేటికిని చక్కెరలేని తేయాకునీరు త్రాగుచున్నారు. మాత్రలు మానినారు, సాయంకాలపు నడక మానలేదు.