పాత పియానో

కొత్త వస్తువు కొనాలంటే చేతిలో డబ్బుంటే చాలు. పాత వస్తువు కొనాలంటే డబ్బుతోపాటు ఓపికా, తెలివీ కూడా కావాలి. సంతలో ఎద్దును కొనే రైతు దాని మెడలోని పూసలు చూసి మురిసిపోడు. నోరు తెరిపించి పళ్ళు చూస్తాడు, నాలుగడుగులు నడిపిస్తాడు. మేము కిందటి ఏడు ఒక పాత పియానో కొన్నాం. అదీ అచ్చం ఎద్దును కొన్నట్టే జరిగింది. ఆ సంగతి చెబుతాను, వినండి.

మాది సికిందరాబాదు. నేను ఒక అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుతాను. మా అమ్మాయికి అప్పుడు పదకొండేళ్ళు. అది బడిలో సంగీతం టీచరు దగ్గిర రెండేళ్ళుగా పియానో నేర్చుకుంటూ ఉండేది. ఇంటి దగ్గిర సాధనకు పక్కింటివాళ్ళ చిన్న కీబోర్డే గతి.

"ఆ కీబోర్డు మెట్లు మరీ తేలిక. పియానోలో మెట్టు నొక్కితే లోపల ఒక సుత్తి లేవాలి. ఆ బరువు వేళ్ళకు అలవాటు కాకపోతే పై పాఠాలు రావు," అన్నారు టీచరు.

కొత్త పియానో ధర లక్షల్లో ఉంటుంది. మా దగ్గిర ఉన్నదల్లా మా ఆవిడ చీటీ డబ్బు. ఆవిడ నెలకు 2,500 రూపాయల చొప్పున 24 నెలలు కట్టి, చివరిదాకా ఆగి, 60,000 రూపాయలు ఎత్తింది. ఆ డబ్బుతో స్కూటరు కొనుక్కోవాలని ఆవిడ అనుకున్నది. ఎందుకంటే, ఆవిడ రోజూ రెండు బస్సులు మారి ఉద్యోగానికి వెళుతుంది.

"స్కూటరు ఇంకో చీటీకి కొందాం. నేర్చుకునే ఈడు మళ్ళీ రాదు," అన్నది మా ఆవిడ. అందుచేత ఆ డబ్బులో ఒక్క రూపాయి కూడా దండగ కావటానికి వీల్లేదు.

ఇంతకూ పియానో అంటే ఏమిటి? అది చూడటానికి పెద్ద చెక్కబీరువాలాగా ఉంటుంది గాని, నిజానికి తీగెల వాయిద్యం. 1700 ప్రాంతంలో ఇటలీ దేశపు ఫ్లారెన్స్ నగరంలో బార్తొలొమియో క్రిస్తొఫొరి అనే ఆయన దాన్ని కనిపెట్టాడు. అంతకుముందున్న హార్ప్‌సికార్డు అనే వాయిద్యంలో మెట్టు నొక్కితే ఒక చిన్న పుల్ల తీగెను మీటేది. మెల్లిగా నొక్కినా గట్టిగా నొక్కినా మోత ఒకటే. క్రిస్తొఫొరి పుల్లకు బదులు సుత్తి పెట్టాడు. మెల్లిగా నొక్కితే మెత్తని ధ్వనీ, గట్టిగా నొక్కితే పెద్ద ధ్వనీ వచ్చాయి. ఇటలీ భాషలో పియానో అంటే మెత్తగా, ఫోర్తె అంటే గట్టిగా అని అర్థం. పియానోఫోర్తె అన్న పేరు అలా వచ్చిందే. క్రిస్తొఫొరి 1720లో చేసిన పియానో ఒకటి న్యూయార్కులోని మెట్రొపాలిటన్ మ్యూజియంలో ఇప్పటికీ ఉన్నది.

సుత్తి పెట్టటంలో ఒక చిక్కున్నది. అది తీగెను కొట్టి అక్కడే ఆగిపోతే తీగె మోగదు. మెట్టు మీద వేలు ఉండగానే సుత్తి వెనక్కు పడిపోవాలి. క్రిస్తొఫొరి గొప్పతనమంతా ఈ ఏర్పాటులోనే ఉన్నది.

ఇప్పటి పియానోకు 88 మెట్లుంటాయి: తెల్లవి 52, నల్లవి 36. తీగెలు మాత్రం 220కి పైనే. పై స్థాయి స్వరాలకు ఒక్కొక్కదానికి మూడేసి తీగెలుండటమే దీనికి కారణం. ఈ తీగెలన్నీ కలిసి లాగే బలం సుమారు 15 నించి 20 టన్నులు! ఒట్టి కర్రచట్రం అంత బలాన్ని తట్టుకోలేదు. అందుకే 1825లో అమెరికాలోని బోస్టన్ నగరంలో ఆల్ఫియస్ బాబ్‌కాక్ అనే ఆయన ఒకే ముక్కగా పోతపోసిన ఇనపచట్రానికి పేటెంటు తీసుకున్నాడు. పియానో అంత బరువుండటానికి ఆ ఇనుమే ముఖ్య కారణం.

ఇవన్నీ మాకు చెప్పినవాడు పియానోలు శ్రుతిచేసే ఒక పెద్దాయన. ఆయనకు డెబ్భై ఏళ్ళు దాటాయి. ఊళ్ళోని చర్చిల్లోనూ, బడుల్లోనూ ఉన్న పియానోలన్నీ ఆయనకు చుట్టాల్లాటివి. ఒక్కొక్క పియానో చూడటానికి వెయ్యి రూపాయలు అడిగాడు.

"కొనకముందే ఖర్చా?" అన్నాను నేను.

"ముందు వెయ్యి ఖర్చుపెడితే తరవాత యాభై వేలు మిగులుతాయి," అన్నది మా ఆవిడ. ఆవిడ మాటే నెగ్గింది.

మొదటి పియానో ఒక దుకాణంలో ఉన్నది. దాని నల్లని మెరుగులో మన మొహం చూసుకోవచ్చు. ధర 55,000. పెద్దాయన ఆ మెరుగును చూడనైనా చూడలేదు. పైమూత ఎత్తి, ముందు పలక తీసేసి, సంచీలోంచి ఒక మీట తీశాడు.

వీణకు బిరడాలున్నట్టే పియానోలో ప్రతి తీగెకూ ఒక ఉక్కుమేకు ఉంటుంది. మేకును తిప్పితే తీగె బిగుస్తుంది. ఈ మేకులన్నీ ఇనపచట్రం వెనక దాగి ఉన్న ఒక దళసరి కర్రదిమ్మలో దిగి ఉంటాయి. ఆ దిమ్మ కంటికి కనపడదు. అది పగిలినా, ఎండిపోయినా మేకులు వదులవుతాయి. అప్పుడు పొద్దున శ్రుతిచేస్తే సాయంత్రానికి పోతుంది.

పెద్దాయన మీటను ఒక మేకుకు తగిలించి, మా అమ్మాయి చేతికి ఇచ్చి, "మెల్లిగా తిప్పు, తల్లీ," అన్నాడు. అది రెండు వేళ్ళతో తిప్పగానే మేకు మజ్జిగలో కవ్వంలాగా తిరిగింది. పక్క మేకూ అంతే.

"పైన పటారం, లోన లొటారం," అన్నాడు పెద్దాయన, దుకాణం బయటికి వచ్చాక.

రెండో పియానో మారేడుపల్లిలో ఒక పెద్దమనిషి ఇంట్లో ఉన్నది. ధర 40,000. మేకులు బిగువుగా ఉన్నాయి. ధ్వని గంభీరంగా, తియ్యగా ఉన్నది. మా అమ్మాయి వాయించటానికి కూచుని, లేవమంటే లేవలేదు. పెద్దాయన మాత్రం టార్చిలైటు వేసి తెల్లమెట్లను దగ్గిరగా చూశాడు. ప్రతి మెట్టు మీదా అడ్డంగా, నల్లమెట్లు మొదలయ్యే చోట, వెంట్రుకంత సన్నని గీత కనిపించింది.

"ఇది అతుకు. పూర్వం ఏనుగు దంతాన్ని పలచని రేకులుగా కోసి కర్రమెట్లకు అంటించేవాళ్ళు. ఒక్కొక్క మెట్టుకు రెండేసి ముక్కలు. ప్లాస్టిక్కు అయితే అతుకు ఉండదు," అన్నాడు ఆయన.

మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. తరవాత 1986లోనూ, 1991లోనూ చేసిన సవరణల మూలంగా ఏనుగు దంతం వ్యాపారం పూర్తిగా నిషేధమయింది. అది ఎంత పాతదైనా అమ్మరాదు, కొనరాదు.

ఇంటి యజమానికి ఈ సంగతి తెలియదు. "మా నాన్నగారి నాటి సామాను. మీరు కొంటే ఎవరు చూడొచ్చారు? ఇంకో అయిదు వేలు తగ్గిస్తాను," అన్నాడు.

అయిదు వేలు మాకు చిన్న మొత్తం కాదు. ఆ ధ్వని లాటి ధ్వని మళ్ళీ దొరుకుతుందన్న నమ్మకమూ లేదు. మా ఆవిడా, నేనూ మొహమొహాలు చూసుకున్నాం. అంతలో మా అమ్మాయి మెట్ల మీది మూత మెల్లిగా దించి, "వద్దు, నాన్నా," అన్నది. పెద్దాయన ఆ యజమానితో, దాన్ని ఏం చెయ్యాలో అటవీశాఖవారిని అడిగి తెలుసుకోమని చెప్పాడు. ఇల్లు చేరేదాకా మా అమ్మాయి మళ్ళీ మాట్లాడలేదు.

రెండు నెలలు గడిచాయి. ఒకరోజు పెద్దాయనే ఫోను చేసి, లాలాగూడకు రమ్మన్నాడు. అక్కడ రైల్వే కార్ఖానాలో పనిచేసిన ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు పూర్వం చాలా ఉండేవి. వాటిలో ఎన్నో ఇంగ్లండుకూ, ఆస్ట్రేలియాకూ వెళ్ళిపోయాయి. ఆ రోజు మేము చూసిన ఇంట్లోని ముసలావిడ కూడా కూతురి దగ్గిరికి ప్రయాణమవుతున్నది.

ఆ పియానోను చూసి నా గుండె జారిపోయింది. పాలిష్ అంతా పోయింది. పైన టీకప్పులు పెట్టిన గుండ్రని మరకలు. మెట్లు 85 మాత్రమే. పాతకాలపు పియానోలు చాలా వాటికి అన్నే ఉంటాయట. వాటిలోనూ రెండు మోగవు. పెద్దాయన మాత్రం మేకులను ఒక్కొక్కటే పరీక్షించాడు; ఒక్కటీ వదులుగా లేదు. ఇనపచట్రానికి పగులు లేదు. తీగెల వెనక ధ్వనిని పెంచే పలచని పెద్ద చెక్క బాగున్నది. చెదలు లేవు. ఉన్నిసుత్తులను ఒక చోట పురుగు కాస్త కొట్టింది, అంతే. తెల్లమెట్ల మీద అతుకుగీత కూడా లేదు.

"ఇది చూడు, తల్లీ," అని ఆయన కర్ర అతుకుల మీద ఉన్న ఇత్తడి స్క్రూలు చూపించాడు. వేడిదేశాలకు పంపే పియానోలను ఇంగ్లండులో ప్రత్యేకంగా చేసేవాళ్ళు. మన ఎండకూ, వానకూ జిగురు ఊడిపోతుంది గనక అతుకులను స్క్రూలతో బిగించేవాళ్ళు.

ముసలావిడ 35,000 అడిగింది. నేను బేరం మొదలుపెట్టాను. ఆవిడ నవ్వి, "ధర తగ్గదు, బాబూ. ఈ స్టూలూ, పుస్తకాలూ మాత్రం అమ్మాయికి ఊరికే ఇస్తాను," అన్నది. ఆ పుస్తకాలు ఒక ట్రంకుపెట్టెడు ఉన్నాయి. మేము ఒప్పుకున్నాం.

పాత పియానో ఖరీదు దాని ధర ఒక్కటే కాదు. మా లెక్క ఇదీ: పియానోకు 35,000, పెద్దాయన మూడుసార్లు చూసినందుకు 3,000, ఆరుగురు మనుషులు బండిలో తెచ్చి దించినందుకు 5,000, మరమ్మతుకు 8,000, రెండుసార్లు శ్రుతిచేసినందుకు 6,000. మొత్తం 57,000. మొదటి పియానో 55,000 పెట్టి కొని ఉంటే, దాన్ని బాగుచేయించటానికి మా దగ్గిర డబ్బే ఉండేది కాదు.

నిలువు పియానో బరువు రెండు వందల కిలోలకు పైగా ఉంటుంది. మాది కింది వాటా గనక మెట్లెక్కించే పని తప్పింది. ఎండ పడని చోట, కిటికీకి దూరంగా, లోపలి గోడకు చేర్చి పెట్టించాం. వానకాలంలో కర్ర తేమ పీల్చి ఉబ్బుతుంది; ఎండాకాలంలో ఎండి ముడుచుకుంటుంది. శ్రుతి తప్పటానికి ముఖ్యకారణం అదే. కొత్త చోటికి కర్ర అలవాటు పడాలని పెద్దాయన మూడు వారాలు దాన్ని ముట్టుకోనేలేదు.

తరవాత వచ్చి శ్రుతి చూశాడు. శ్రుతికి ఆధారమైన 'ఎ' అనే స్వరం తీగె సెకండుకు 440 సార్లు కంపించాలి. మా పియానోలో అది 415 సార్లే కంపిస్తున్నది. అంటే అరస్వరం తక్కువ. దాన్ని 440కి తేవాలంటే తీగె బిగువు సుమారు 12 శాతం పెరగాలి. ముసలి తీగెలను ఒక్కసారిగా అంత బిగిస్తే తెగుతాయి. అందుకని మొదటిసారి 430 దగ్గిర ఆపాడు. రెండు నెలల తరవాత వచ్చి 440కి తెచ్చాడు. ఒక్క తీగె కూడా తెగలేదు.

చెవితో శ్రుతి ఎలా తెలుస్తుందో ఆయన మా అమ్మాయికి నేర్పాడు. ఒకే స్వరానికి చెందిన మూడు తీగెల్లో ఒకదాన్ని ఫెల్టుముక్కతో ఆపి, మిగతా రెంటిని మోగించాడు. ఒక తీగె 440 సార్లూ, రెండోది 438 సార్లూ కంపిస్తే, ధ్వని సెకండుకు రెండుసార్లు ఉబ్బి తగ్గుతుంది. మేకును తిప్పినకొద్దీ ఆ అలలు నెమ్మదించి, చివరకు ఆగిపోతాయి. అప్పుడు రెండు తీగెలూ కలిసినట్టు. మా అమ్మాయి కళ్ళు మూసుకుని విని, "ఇప్పుడు ఆగింది, తాతగారూ!" అన్నది. ఆయన తల ఊపాడు.

పిల్లలూ! మీ ఇంట్లో కూడా ఎప్పుడైనా పాత వస్తువు కొనవలసి రావచ్చు: సైకిలు కావచ్చు, హార్మోనియం కావచ్చు. తెలిసినవాణ్ణి వెంటబెట్టుకు వెళ్ళండి. మూత తెరిచి లోపల చూడండి. ఉన్న డబ్బంతా ధరకే పొయ్యకుండా, బాగుచేయించటానికి కొంత మిగుల్చుకోండి. కొనరానిది ఎంత బాగున్నా వదిలెయ్యండి.

మాకు మిగిలిన 3,000 రూపాయలూ వచ్చే ఏడు శ్రుతిచేయించటానికి దాచాం. వానలు పట్టినప్పుడు మా పియానోలో ఒక మెట్టు ఇప్పటికీ బిగుసుకుంటుంది. మా అమ్మాయి దాన్ని బలవంతాన నొక్కదు. ఎండ కాసేదాకా ఆ మెట్టు లేని పాటలు వాయిస్తుంది. మా ఆవిడ కొత్త చీటీలో చేరింది. సాయంత్రం ఆవిడ రెండో బస్సు దిగి వీధి మలుపు తిరిగేసరికి పియానో వినపడుతుందట.