ముందు తిరగట్లేదు

2023 ఫిబ్రవరి 11, శనివారం. హైదరాబాద్‌లో ఫార్ములా ఈ రేసు. హుస్సేన్ సాగర్ పక్కన 2.83 కిలోమీటర్ల ట్రాక్. ఆ రోజు జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు గానీ, నేను చూసిందల్లా మలుపుల దగ్గర కార్ల ముందు చక్రాలనే. నిటారుగా ఉండవవి. పైభాగం కారు వైపు కొంచెం వాలి ఉంటుంది. ఆ వాలు చూస్తే నాకు వట్లూరు గుర్తొస్తుంది, ఒకడికి చెప్పకుండా మిగిలిపోయిన సారీతో సహా.

ఫైనలియర్‌లో మేం కొందరం కలిసి వట్లూరులో ఓ రేకుల షెడ్డులో స్టూడెంట్ ఫార్ములా కారు కట్టాం. సస్పెన్షన్ నాది. డ్రైవింగ్ వాడిది.

ఈ పోటీల్లో స్కిడ్‌ప్యాడ్ అని ఒక పరీక్ష ఉంటుంది. లోపలి వ్యాసం 15.25 మీటర్లు, దారి వెడల్పు 3 మీటర్లు, అలాంటి వృత్తాలు రెండు పక్కపక్కన. మాకున్న జాగాలో ఒక్కటే పట్టింది. మేకు కొట్టి, తాడు కట్టి, ముగ్గుతో గీశాం. వాడు నాలుగు చుట్లు తిరిగొచ్చి, హెల్మెట్ తీసి, "ముందు తిరగట్లేదురా, బయటికి జారిపోతోంది" అన్నాడు.

నేను లాప్‌టాప్ చూపించాను. మలుపులో బరువు బయటి చక్రం మీద పడుతుంది, బాడీ బయటికి ఒరుగుతుంది, దాంతోపాటు చక్రమూ ఒరిగి టైరు బయటి అంచు మీద నిలబడుతుంది. అలా కాకుండా ముందే చక్రాన్ని లోపలికి వంచి పెడతాం. అదే నెగెటివ్ కేంబర్. పై ఆర్మ్‌ని కింది దానికంటే పొట్టిగా చేస్తే, చక్రం పైకి లేచినప్పుడు పైభాగం ఇంకాస్త లోపలికొస్తుంది. అన్నీ లెక్క ప్రకారమే ఉన్నాయి. తాపీమేస్త్రీల తూకపు గుండు వేలాడదీసి కొలిచాం కూడా. దారం రిమ్ము కింది అంచుకి తగిలితే, పై అంచు దగ్గర సుమారు 12 మిల్లీమీటర్ల సందు. అంటే రెండు డిగ్రీలు.

"కారు బాగానే ఉంది. నీకే తిప్పడం రావట్లేదు," అన్నాను. అందరి ముందూ. పది రోజులు అదే మాట మీదున్నాను. వేరేవాణ్ణి డ్రైవరుగా పెడదామని కూడా అన్నాను.

పదకొండో రోజు వెల్డింగ్‌కి ఏలూరు నుంచి లారీ షెడ్డు మేస్త్రీ వచ్చాడు. మా గొడవంతా విని, "సుద్దముక్క ఉందా బాబూ?" అన్నాడు. ముందు టైర్ల మీద అడ్డంగా గీతలు గీసి, వాణ్ణి రెండు చుట్లు తిప్పించాడు. బయటి టైరు మీద బయటి అంచున సుద్ద పూర్తిగా చెరిగిపోయింది. లోపలి అంచున గీసింది గీసినట్టే ఉంది.

"అయితే ఇంకో రెండు డిగ్రీలు వంచేద్దాం" అన్నాను. అది తేలికే. కానీ అలా చేస్తే తిన్నగా వెళ్తూ బ్రేకు వేసినప్పుడు టైరు నేలకి సరిగా ఆనదు. మేస్త్రీ మాట్లాడకుండా చక్రం పైభాగం రెండు చేతుల్తో పట్టుకుని గట్టిగా ఊపాడు. పై ఆర్మ్ బ్రాకెట్ కదిలింది. దాన్ని ట్యూబులు కలిసే చోట కాకుండా సన్న ట్యూబు మధ్యలో వెల్డ్ చేశాం. మలుపులో ఆ ఆర్మ్ బ్రాకెట్‌ని బయటికి లాగుతుంది. ట్యూబు వంగేది, నేను పెట్టిన రెండు డిగ్రీలూ అక్కడే పోయేవి. నా స్క్రీను మీద మాత్రం ఆ బిందువు ఎప్పుడూ కదలదు. కదలదని చెప్పింది నేనే కదా!

ఒక చిన్న ఊతం ట్యూబు వేశాక, అర డిగ్రీ మాత్రం పెంచాం. సుద్ద సమంగా చెరిగింది. చుట్టు సమయం 6.8 సెకన్ల నుంచి 6.4కి తగ్గింది. అందరం చప్పట్లు కొట్టాం. వాడికి సారీ మాత్రం చెప్పలేదు.

రేసు అయ్యాక ఆ రాత్రి ఫోన్ చేసి చెప్పాను. వాడు చాలాసేపు నవ్వాడు. "సరేగానీ, ఇప్పుడు మీ ఆఫీసులో ఎవడైనా పనిచేయట్లేదంటే వింటున్నావా?" అన్నాడు.

శుక్రవారం సాయంత్రమే ఒక కస్టమర్ ఫిర్యాదుని 'మా దగ్గర బాగానే పనిచేస్తోంది' అని రాసి మూసేశాను. వాడికి ఆ సంగతి చెప్పలేదు. సోమవారం వెళ్ళి దాన్ని మళ్ళీ తెరిచాను.