బల్లిగారి పక్కబట్టలు

మీద బల్లి పడితే తలస్నానం చేసి, దేవుడి దగ్గర దీపం పెట్టి, పంచాంగంలో ఫలితం చూసుకుంటే గానీ మంచినీళ్లు ముట్టని వంశం మాది. అలాంటి నేను డాలస్‌లో మా అమ్మాయి ఇంట్లో ఓ బల్లికి పక్క వేసి, వేళకు తిండి పెట్టానంటే మీరు నమ్మరు. నమ్మకపోయినా వినండి.

మా మనవడికి పదేళ్లు. వాడి గదిలో గాజుపెట్టె, అందులో చిరుతపులి మచ్చలతో జానెడు బల్లి. లెపర్డ్ గెకో అంటారట. పేరు లడ్డూ! మన గోడబల్లిలా గోడలెక్కదు, అంటుకునే కాళ్లు లేవు. కళ్లకి మాత్రం చక్కగా రెప్పలున్నాయి. మనం జాడీల్లో ఊరగాయ దాచుకున్నట్టు కొవ్వంతా తోకలో దాచుకుంటుందట.

వేసవిలో రెండు వారాలు క్యాంపుకి వెళుతూ వాడు నాకో కాగితం రాసిచ్చాడు. కీచురాళ్లకి ముందురోజు క్యారెట్ పెట్టాలి. తర్వాత వాటికి కాల్షియం పొడి అద్ది లడ్డూకి వెయ్యాలి. ఏ పురుగూ దాని రెండు కళ్ల మధ్య దూరం కన్నా పెద్దది కాకూడదు. రకాలు మారుస్తుండాలి.

సరేనన్నాను. మొదటిరోజే ఓ కీచురాయి చెయ్యిజారి ఫ్రిజ్ కిందికి దూరి రాత్రంతా కచేరీ చేసింది. దాంతో కీచురాళ్లకో దణ్ణం పెట్టి, గెంతడం రాని మీల్‌వార్మ్‌ల తోనే సరిపెట్టేశాను. పొడి మాట మర్చేపోయాను.

అంతటితో ఊరుకున్నానా? పెట్టెలో పరిచినవి వంటింట్లో చేతులు తుడుచుకునే కాగితాలు! ‘ఎడారి జీవి, కాగితాల మీద పడుకుంటుందా పాపం’ అని ప్రాణం కొట్టుకుపోయింది. దుకాణంలో రంగురంగుల ఇసక అమ్ముతున్నారు. కడుపులోకి పోయినా కరిగిపోతుందని సంచీ మీద రాసుంది. కొని, మెత్తగా పరిచి మురిసిపోయాను.

మనవడు తిరిగొచ్చేసరికి లడ్డూ తిండి మానేసింది. పొట్ట ఉబ్బింది. డాక్టరు ఎక్స్‌రే తీస్తే పేగునిండా ఇసకే! ఒంట్లో కాల్షియం తగ్గితే అవి దానికోసం ఇసక నాకుతాయట. పొడి ఎగ్గొట్టిందీ నేనే, ఇసక పోసిందీ నేనే. అసలు వీటి పుట్టిల్లు అఫ్ఘానిస్తాన్, పాకిస్తాన్, మన దేశపు వాయవ్య మూల. అక్కడైనా ఉండేది గట్టినేల, రాళ్ల మధ్యనే గానీ ఇసక దిబ్బల్లో కాదట.

కారులో వాడు కళ్లు తుడుచుకుంటూ, “నేనే సరిగ్గా రాయలేదేమో అమ్మమ్మా” అన్నాడు.

గుండె కలుక్కుమంది. “కాదు నాన్నా, నువ్వు రాసింది బానే ఉంది. నేనే చెయ్యలేదు” అని జరిగిందంతా చెప్పేశాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. ఇంటికొచ్చాక మాత్రం, “గోరువెచ్చటి నీళ్లు పట్టుకురా, ఇద్దరం స్నానం చేయిద్దాం” అన్నాడు.

మందులు, స్నానాలు అయ్యాక అయిదోనాటికి ఇసక బయటపడింది. పేడ చూసి మేమిద్దరం చప్పట్లు కొట్టడం మా అల్లుడు వింతగా చూశాడు.

ఇప్పుడు మళ్లీ కాగితాలే. తడిస్తే తీసెయ్యొచ్చు, మింగడానికేం ఉండదు. పడుకోడానికి ఓ నాపరాయి పలక, కుబుసం విడిచేటప్పుడు దూరడానికి తడినాచు పెట్టిన డబ్బా. భోజనం ఓసారి కీచురాళ్లు, ఓసారి మీల్‌వార్మ్‌లు, మరోసారి అందుకోసమే పెంచిన బొద్దింకలు. తోటలో పురుగులు ముట్టనివ్వను, మందు కొట్టి ఉంటారేమో! లడ్డూ ఆకుకూరలు తినదు గానీ, దాని భోజనానికి మాత్రం కావాలి.

మొన్న శ్రీవారు ఫోన్‌చేసి ఏం చేస్తున్నావన్నారు.

“కీచురాళ్లకి క్యారెట్ తరుగుతున్నానండీ. రేపు వాటికి పొడి అద్ది బల్లికి వెయ్యాలి” అన్నాను.

అటునుంచి కాసేపు మాట లేదు. తర్వాత నెమ్మదిగా, “తిరుగు టిక్కెట్టు ఎప్పటికి?” అన్నారు.