పచ్చ ఇల్లు, వాడ లెక్క

హాస్టల్లో చదివే తమ్ముడొకడు అడిగిండు: "అన్నా, పర్యావరణానికి మేలు చేసే ఇల్లు చవగ్గా ఉండాలి కదా, ఎక్కువెందుకైతది?"

హైదరాబాద్ హైటెక్ సిటీ దగ్గర సీఐఐ-సోహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ ఉంది. 2004లో రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించారు. అమెరికా బయట లీడ్ ప్లాటినం రేటింగ్ వచ్చిన మొదటి భవనం అది. మామూలు కట్టడం కంటే దాదాపు 18 శాతం ఎక్కువైందని, పొదుపు రూపంలో అది ఏడేళ్లకు తిరిగొస్తుందని గ్రీన్ బిల్డింగ్ వాళ్ల లెక్క. సోలార్ పలకలు, గాలిని చల్లబరిచే బురుజులు, మురుగునీటిని మొక్కల వేళ్లతో శుద్ధిచేసే ఏర్పాటు, ఇవన్నీ తెలిసిన ఇంజనీర్లు, రేటింగ్ ఫీజు. అన్నిటికీ ముందే డబ్బు కట్టాలి. పని అలవాటై, సామాను ఇక్కడే దొరికే కొద్దీ తర్వాతి భవనాలకు ఆ తేడా తగ్గింది. కానీ ఏడేళ్లు ఆగగలిగినోడికే ఆ లెక్క. అద్దెకిచ్చే బిల్డరైతే అసలే ఆగడు, కరెంటు బిల్లు కట్టేది కిరాయిదారు కదా!

ఇప్పుడు మా పెద్దవూరకు రండి. ఇందిరమ్మ ఇంటికి 5 లక్షలు. అదీ దశలవారీగా, పని అయినంకనే బిల్లు. బేస్‌మెంటుకే వడ్డీకి తెచ్చినోళ్లున్నారు. ఇటుకను నిలబెట్టి, మధ్యలో ఖాళీ వదిలి గోడ కట్టే పద్ధతి ఒకటుంది. కేరళలో లారీ బేకర్ దాన్ని బాగా వాడాడు. ఇటుకలు నాలుగో వంతు దాకా మిగులుతాయి, వేడి తక్కువ దిగుతుంది. మా దగ్గరి మేస్త్రీలకు ఆ పని అలవాటు లేదు. మెల్లగా కడితే కూలి రోజులు పెరుగుతాయి. అప్పుతో కట్టేటోడు ప్రయోగాలకు ఒప్పుకుంటాడా?

"మీ తాతల మట్టి ఇల్లు చవకే కదా" అంటారు పట్నంల పెద్దలు. ఎందుకు చవకో మా అమ్మనడగాలి. మట్టి తొక్కింది ఆమె, పెండతో అలికింది ఆమె, వానలకు ముందు తాటికమ్మ మోసింది ఆమె. ప్రతి ఏడూ. ఆ కూలిని ఎవరూ లెక్కల రాయలేదు. అదే మట్టిగోడ ఇవాళ ఫామ్‌హౌస్‌కు కడితే ఖరీదైంది, ఎందుకంటే చేసినోళ్లకు డబ్బులివ్వాలి. ఇవ్వాల్సిందే. దాన్ని 'అదనపు ఖర్చు' అనడమే నాకు నచ్చదు.

మే నెలల స్లాబు పగలంతా కాగి, రాత్రంతా వేడి దించుతది. వాడ జనం వాకిట్లనే పండుకుంటున్నారు. 2023లో తెలంగాణ కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది కదా, ఆ తెల్లపూత ఖర్చు 5 లక్షల్లో కోయకుండా విడిగా ఇవ్వాలి. మేస్త్రీలకు కూలి ఇచ్చి కొత్త పని నేర్పాలి. వచ్చే గ్రామసభకు అర్జీ రాస్తున్నాం. సంతకాలకు మీ వాడకూ వస్తాం.