లక్ష రూపాయల జరిమానా ఏ మూలకు?

2020 సెప్టెంబరు, కరోనా రోజులు. ముంబైలో మాదకద్రవ్యాల నియంత్రణ సంస్థ ఎన్‌సీబీ ఆఫీసు గేటు దగ్గర మైకులు, కెమెరాలు నటి రియా చక్రవర్తి మీద పడిపోయాయి. ఆమెకు అడుగు తీసి అడుగు వేసే సందు లేదు. ఆమె ప్రియుడైన నటుడి మృతి కేసు విచారణ తేలకముందే టీవీ స్టూడియోల్లో ఆమెను హంతకురాలిని చేసేశారు.

2025 మార్చిలో సీబీఐ ఆ కేసు మూసివేతకు నివేదిక ఇచ్చింది. మరి ఆ యాంకర్లకు ఏ శిక్ష పడింది?

ఛానళ్లు తమకు తామే పెట్టుకున్న సంస్థ వేసే గరిష్ఠ జరిమానా 2023 నాటికి లక్ష రూపాయలే. అది సరిపోదని ఆ ఏడాది సుప్రీంకోర్టే చెప్పింది. అబద్ధంతో వచ్చిన ఆదాయాన్ని బట్టి జరిమానా ఉండాలి. అబద్ధం చెప్పిన ప్రైమ్‌టైమ్‌లోనే, అంతసేపూ తప్పు ఒప్పుకోవాలి.

దయచేసి అలాంటి క్లిప్పులు షేర్ చేయకండి. మన వ్యూసే వాళ్ల ఆదాయం.