మూసుకున్న ముక్కుతో ఒక చిన్న అబద్ధం

పుదీనా పువ్వు (మెంథాల్ పలుకులు), వాము పువ్వు (థైమాల్ పలుకులు), పచ్చకర్పూరం సమపాళ్లలో తూచి, తడిలేని గాజు సీసాలో వేసి మూత బిగించి కదిలిస్తే చాలు, పొయ్యితో పనిలేదు. ముందు పలుకుల అంచులు చెమరుస్తాయి, తర్వాత ముద్దకడతాయి, కాసేపటికి సీసా అడుగున తేటగా తైలం నిలుస్తుంది. కర్పూరం ఒంటరిగా కరగాలంటే 175 డిగ్రీల సెల్సియస్ పైనే కావాలి. వాము పువ్వుకు 50, పుదీనా పువ్వుకు 42 దాకా పడుతుంది. ముగ్గురూ కలిస్తే మాత్రం గది వేడికే నీరైపోతారు. ఆయుర్వేదం కొట్లలో అమృతధార పేరుతో అమ్మేది ఇదే. ఈ తైలం నాలుగైదు చుక్కలు దూదికి పట్టించి ఖాళీ ఇన్‌హేలర్ గొట్టంలోనో, బుల్లి సీసాలోనో పెట్టుకుంటే ఇంటి ఇన్‌హేలర్ తయారు. ఇష్టమైనవాళ్లు ఒక చుక్క నీలగిరి తైలం కలుపుకుంటారు. ఇదేదో నిన్నమొన్న వీడియోలు నేర్పిన విద్య కాదు. కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో మొదలుపెట్టిన అమృతాంజనానికీ, హైదరాబాద్ జిందా తిలిస్మాత్‌కూ ఈ ఘాటు సరుకులతో దగ్గరి చుట్టరికమే ఉంది.

అయితే ఒక మాట ముందే ఒప్పుకోవాలి: ఈ గొట్టం ముక్కును తెరవదు. జలుబులో ముక్కు మూసుకుపోయేది చీమిడి వల్ల మాత్రమే కాదు, లోపలి పొరల్లో రక్తనాళాలు ఉబ్బడం వల్ల కూడా. పుదీనా పువ్వు ఆ ఉబ్బును తగ్గించదు. బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో రోనాల్డ్ ఎకిల్స్ బృందం 1980లలో కొలిచి చూస్తే, పుదీనా పువ్వు పీల్చినవాళ్ల ముక్కులో గాలికి అడ్డు ఎప్పటిలాగే ఉంది, వాళ్లు మాత్రం ఊపిరి బాగా ఆడుతోందన్నారు. కారణం తర్వాత తేలింది. చల్లదనాన్ని పసిగట్టే నరాల్లో టీఆర్‌పీఎం8 అనే గ్రాహకం ఉంది. చల్లగాలి తగిలినా, పుదీనా పువ్వు తగిలినా అది ఒకేలా మేలుకుంటుంది. దాన్ని కనిపెట్టినవాళ్లలో ఉన్న డేవిడ్ జూలియస్, ఆర్డెమ్ పటపూటియన్‌లకే 2021 వైద్య నోబెల్ దక్కింది. మరి ఇది మోసమే కదా అంటే, మోసమే, కానీ పనికొచ్చే మోసం. ముక్కు బిగుసుకుపోయి నిద్రపట్టని మనిషికి కావలసింది కొలతలు కాదు, ఊపిరాడుతోందన్న నిమ్మళం. పైగా ముక్కు తెరిచే మందు చుక్కల్లాంటివి రక్తనాళాలను బిగిస్తాయి. వాటిని రోజుల తరబడి వాడితే మానేసినప్పుడు ముక్కు మరింత మూసుకుంటుంది. నాళాల జోలికే పోని ఈ వాసనకు ఆ పేచీ లేదు. సలసల మరిగే గిన్నె మీద దుప్పటి కప్పుకుని కూర్చోవడంకన్నా, ముఖ్యంగా ఇంట్లో పిల్లలు తిరుగుతున్నప్పుడు, ఇదే మేలు. ఒళ్లు కాలే భయం లేదు.

చిక్కల్లా ఆ నిమ్మళాన్ని ఆరోగ్యమని పొరబడినప్పుడే. 2021లో కరోనా రెండో అలలో కర్పూరం, లవంగాలు, వాము, నీలగిరి తైలం మూటకట్టి వాసన చూస్తే రక్తంలో ఆక్సిజన్ పెరుగుతుందన్న సందేశం వాట్సాప్‌లో ఊరూవాడా తిరిగింది. పెరగదు. వాసన ముక్కు నరాలకు చెప్పేది వేరు, ఊపిరితిత్తుల్లో జరిగేది వేరు. నమ్మితే నష్టమేముంది, మనోధైర్యమైనా వస్తుందిగా అనేవాళ్లున్నారు. ఆ ధైర్యమే ప్రమాదం. పడిపోతున్న ఆక్సిజన్ అంకెను పక్కనపెట్టి, ఊపిరి తేలికైందనుకుంటూ ఆసుపత్రికి బయల్దేరడం ఆలస్యం చేయిస్తుంది.

ఇంట్లో చేసింది, ప్రకృతి ఇచ్చింది, దీనికి హానేమిటనే వాదనకు లెక్క ఒక్కటే జవాబు. డాక్టరు చీటీ లేకుండా అమ్మే మందుల్లో కర్పూరం 11 శాతం మించకూడదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ నియమం. మన సీసాలో ముగ్గురిలో ఒకడు కర్పూరం, అంటే 33 శాతం పైమాటే. ఇంటి సరుకు కొట్టు సరుకుకన్నా మెతక అనుకుంటాం గానీ, ఇక్కడ అది ఆ హద్దుకు మూడింతలు ఘాటు. కర్పూరం మింగితే పసిపిల్లలకు ఫిట్స్ రావచ్చు. రెండేళ్లలోపు పిల్లల ముక్కు దగ్గర ఈ గొట్టం పెట్టనే కూడదు, దిండు కింద పెట్టినా అంతే. ఉబ్బసం ఉన్నవాళ్లకు ఘాటు వాసనే ఆయాసం తెప్పించొచ్చు, మూర్ఛ రోగులు వైద్యుణ్ని అడగకుండా వాడకూడదు. హారతి బిళ్లలు మందుకోసం చేసినవి కావు కనుక ఇందులో వేయొద్దు. ఇన్ని జాగ్రత్తలున్నప్పుడు కొట్లో దొరికేది కొనుక్కోవచ్చుగా అంటారా? కొనుక్కోండి. దానిమీద కనీసం పాళ్లు రాసి ఉంటాయి. ఇంట్లో చేసుకోవడంలో ఉన్న సుఖం వేరే: వాము కంపు గిట్టనివాళ్లు దాన్ని తగ్గించుకోవచ్చు, ఘాటు పడనివాళ్లు రెండు చుక్కలతో సరిపెట్టుకోవచ్చు. సీసా మీద ఏమేం కలిపారో, ఎప్పుడు కలిపారో ఒక చీటీ అంటించి, పిల్లలకు అందని అటక మీద పెట్టండి. ప్లాస్టిక్ సీసా వద్దు, ఈ తైలాలు కొన్నిరకాల ప్లాస్టిక్‌ను కరిగించేస్తాయి.